నోటీసు బోర్డు మీద తడి గొడుగు

ఆవిడని తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, ఒళ్లు మండుతుంది.

పోయిన నెల మా అత్తగారు రేవు పక్కన మెటియాబ్రుజ్ పేట నుంచి ఫోన్ చేసి, "అప్ప ఎల్లిపోయిందమ్మా. పొద్దున్న టీ తాగి తొంగున్నాది, మరి లెగలేదు" అని చెప్పినప్పుడు నేను అదే ఊళ్లో ఇంకో చివర న్యూ టౌన్‌లో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కళ్లనీళ్లు వస్తాయేమోనని కాసేపు చూశాను. రాలేదు. భవానీపూర్‌లో పెళ్లిళ్ల రిజిస్ట్రారు ఆఫీసున్న ఒక పాత మేడ, దాని మొదటి అంతస్తు వరండా, గోడకి నోటీసు బోర్డు, ఆ బోర్డు కింద నేలమీద కాళ్లు చాపుకుని కాజాలు కుట్టుకుంటున్న ఆవిడ కనిపించింది. ఆ బోర్డు మీద నాకు వచ్చిన కోపం ఐదేళ్లయినా చల్లారలేదు.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. పేరు కాగితం మీద పడిందంటే ఎవడో ఒకడు చదువుతాడని ఆవిడకి గట్టి నమ్మకం. "కాయితానికి నోరు లేదు తల్లీ, దాన్ని సదివినోడికే నోరుంటాది" అనేది. శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్‌కి రేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబంలో పుట్టింది. తెలుగువాళ్లకి అప్ప, బెంగాలీలకి మాషీ, అంటే పిన్ని. మెటియాబ్రుజ్‌లో చొక్కాలు కుట్టే కార్ఖానాల నుంచి కట్టలు తెచ్చుకుని, కాజాలు కుట్టి, గుండీలు వేసి తిరిగి ఇచ్చేది. బతుకుతెరువు అది. కానీ ఆ చుట్టుపక్కల ఎవరిని అడిగినా ఆవిడ పని వేరే చెబుతారు. ఇంట్లోవాళ్లు రాని పెళ్లిళ్లకి ఆవిడ సాక్షి.

వేరు వేరు మతాల ఇద్దరు, ఎవరి మతం వాళ్లు ఉంచుకుని పెళ్లి చేసుకోవాలంటే దానికి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఆ పెళ్లికి ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. ఇద్దరు స్నేహితులు ఎలాగోలా దొరుకుతారు. మూడో మనిషి దగ్గర అందరూ ఆగిపోతారు. ముందు రోజు దాకా సరేనన్నవాడికి తెల్లారేసరికి జ్వరం వస్తుంది, లేదా వాళ్లావిడకి వస్తుంది. అప్పకి ఎప్పుడూ జ్వరం రాలేదు.

మాది గుంటూరు వైపు. చెప్పుకోదగ్గ ఇంటిపేరు, చెప్పుకోదగ్గ కులం, చెప్పుకుంటూనే బతికే బంధువులు. మా ఆయన మెటియాబ్రుజ్‌లో రేవు కార్మికుల ఇంట్లో పుట్టిన తెలుగు క్రైస్తవుడు. న్యూ టౌన్‌లో ఒకే కంపెనీలో పనిచేస్తూ కలిశాం. అతనికి తెలుగు చదవడం రాదు కానీ మాట్లాడితే అచ్చం వాళ్ల తాతలాగే మాట్లాడతాడు. పెళ్లి చేసుకుందామని అనుకున్న రోజు అతను అన్న మొదటి మాట, "ముందల అప్పకాడికి ఎల్లాల."

ఎవరో పెద్దావిడ, దీవెనలకి కాబోలు అనుకుని పళ్లు కొనుక్కుని వెళ్లాను. ఆవిడ పళ్ల వైపు చూడలేదు. నా పేరూ ఊరూ అడగలేదు.

"కూకో. కాయితాలన్నీ తెచ్చినావేటి?" అంది.

నేను ఫైలు తీశాను. ఆవిడ చాప మీద నుంచి చొక్కాలు పక్కకి నెట్టి, ఒక్కొక్క కాగితం అడిగి పరిచింది.

"పుట్టిన తేదీకి ఏటి తెచ్చినావు? పదో తరగతిదా? ముద్రుండాల, ఏదీ. ఆధార్. మరి ఆపీసు పరిధిలో నెల్లాళ్లు ఉన్నట్టు రుజువు? అది లేదేటి? అయితే ఏటి సూసుకుని వచ్చినావు?"

చదువు రాదు ఆవిడకి. ఆధార్ కార్డు తలకిందులుగా పట్టుకుంది. ఏ కాగితానికి ఎక్కడ ముద్ర ఉండాలో, దేనికి ఎన్ని నకళ్లు కావాలో మాత్రం వేళ్ల మీద చెప్పింది. ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ జాబితాలో సగం తెలియదు. నోటీసు ఇచ్చే ఆఫీసు పరిధిలో ఇద్దరిలో ఒకరైనా ముప్పై రోజులు నివాసం ఉండాలన్న సంగతి నాకు చెప్పింది ఆవిడే. ఆవిడ ఎరిగిన ఆఫీసు భవానీపూర్‌లో ఉంది, అందుకే న్యూ టౌన్‌లో గది ఖాళీ చేసి భవానీపూర్‌లో ఆడపిల్లల హాస్టల్‌కి మారాను.

ఆ రోజు కాగితాల పని అయ్యాక మా ఆయన్ని టీ తెమ్మని వీధిలోకి పంపింది. అతను మలుపు తిరిగేదాకా గుమ్మంలోంచి చూసి, నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆడ్ని కావాలనే పంపినాను. ఇప్పుడు సెప్పు. నీకిష్టమేనా?"

"ఇష్టమేనండి."

"బలవంతం ఏటీ నేదు గదా? ఇంకోపాలి సెప్పు."

"ఇష్టమే అప్పా."

"అయితే నాను సాచ్చి."

ఆ ప్రశ్న అంతకుముందు నన్ను ఎవరూ అడగలేదు. మా ఇంట్లో రెండేళ్లుగా సంబంధాలు చూస్తున్నారని ఆవిడకి చెప్పాను. జీతం, జాతకం, రంగు, ఎత్తు అన్నీ మాట్లాడుకున్నారు. ఇష్టమా అని అడగడం ఎవరికీ గుర్తు రాలేదు. చాపమీద చొక్కాల మధ్య కూర్చున్న ఒక మనిషి రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు ఆ బోర్డు సంగతి. నోటీసు ఇచ్చిన తర్వాత ముప్పై రోజులు ఆగాలి. ఆగడం ఒక్కటే అయితే నాకు గొడవ లేదు, ఆలోచించుకోవడానికి గడువు ఇచ్చారనుకుంటాను. కానీ ఆ నోటీసు నకలు ఆఫీసులో అందరికీ కనిపించే చోట అంటించాలి. పేరు, వయసు, చేసే పని, ఇప్పుడుంటున్న చిరునామా, సొంతూరి చిరునామా. అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి చెప్పుకోవడానికట. గుడిలో తాళి కట్టించుకునేవాళ్లకి ఈ బోర్డు లేదు. పుట్టి బుద్ధెరిగి సంపాదించుకుంటున్న ఇద్దరు మనుషులు మేం పెళ్లి చేసుకుంటామంటే, వాళ్ల ఇంటి గుమ్మం ఎక్కడుందో గోడకి అతికించి, దారిన పోయే దానయ్యని పిలిచి, నీకేమైనా ఇబ్బందా అని అడగడం ఏ మర్యాద? ఈ ప్రశ్న ఆ రోజు అడిగాను. ఇవాళ కూడా అడుగుతున్నాను.

అప్ప ప్రశ్నలు అడిగే రకం కాదు. గొడుగు తెచ్చేది.

నోటీసు అంటించిన రోజు నుంచి ఆఫీసు తెరిచే వేళకి భవానీపూర్ వచ్చేది. కింద వీధి కుళాయి దగ్గర గొడుగు తడిపేది. వాన ఉన్నా అంతే, ఎండ ఉన్నా అంతే. పైకి వచ్చి బోర్డు మీద ఏ నోటీసుని కాపాడాలో ఆ నోటీసు పైనున్న మేకుకి గొడుగు సగం తెరిచి తగిలించేది. దాని కింద కూర్చుని సంచిలోంచి చొక్కాలు తీసి కాజాలు మొదలుపెట్టేది. గుమాస్తా వచ్చి, "మాషీ, ఛాతాటా షొరాన్" అని గొడుగు తీయమనేవాడు. ఆవిడ తల ఎత్తకుండా, "భిజే గేఛే దాదా, శుకోక్" అనేది. తడిసింది, ఆరనీ అని. గుమాస్తా మంచివాడు. ఆకాశం వైపు ఒకసారి చూసి లోపలికి పోయేవాడు. సాయంత్రం ఆఫీసు తలుపులు వేశాకే ఆ గొడుగు ఆరేది. చట్టం లెక్కలో అది తప్పేనని నాకు తెలుసు. నేను ఆ తప్పుకే దణ్ణం పెట్టాను.

ఆవిడకి ఇంకొన్ని పట్టింపులు ఉండేవి. పెళ్లికొడుకు చొక్కా గుండీలు లాగి చూసేది, వదులుగా ఉంటే అక్కడే కూర్చోబెట్టి కుట్టేది. అక్షింతలు వేసేది కాదు. చీర పెడితే తీసుకునేది కాదు. దండలు ముందు మార్చుకుంటామని ఎవరైనా అంటే కసిరేది. "సంతకం ముందల. పువ్వులు వాడిపోతే మళ్లీ కొనుక్కోవచ్చు" అనేది. ఏళ్ల తరబడి ఇలా ఎందుకు తిరుగుతున్నావని మా అత్తగారు అడిగితే, "కూకుని సేసీ పనే గదా, ఎక్కడ కూకుంటే ఏటి" అని మాట దాటేసేది.

మా నోటీసు పన్నెండో రోజు మా అమ్మ ఫోన్ చేసింది. "నీ పేరున్న కాగితం ఎవరో ఫొటో తీస్తే అందరి ఫోన్లలోకీ వచ్చింది. మీ నాన్నగారు బయల్దేరారు" అని పెట్టేసింది.

పరిగెత్తుకుంటూ ఆఫీసుకి వెళ్లాను. అప్ప బోర్డు కింద ఉంది. గొడుగు మేకుకి ఉంది. నేను గొడుగు ఎత్తి చూస్తే దాని కింద ఉన్నది మా నోటీసు కాదు. ఎవరో ఇద్దరు బెంగాలీలది. మాది బోర్డు కుడి చివర, తలుపు పక్కన, లోపలికి వచ్చే ప్రతివాడి కంటికి ఎదురుగా ఉంది. జరిగిందేమిటంటే, రెండో రోజే గుమాస్తా కొత్త కాగితాలకి చోటు కోసం పాతవన్నీ జరిపాడు. అప్పకి అక్షరాలు తెలియవు. ఎడమ నుంచి మూడో మేకు అని గుర్తు పెట్టుకుంది. పది రోజులు ఆ మేకునే కాపలా కాసింది.

ఇక్కడి తెలుగువాళ్ల సంఘంలో పెద్దమనిషి ఒకాయన ఏదో సొంత పనిమీద అక్కడికి వచ్చాడట. ఆయనకి నేనెవరో తెలియదు, మా నాన్న ఎవరో తెలియదు. బోర్డు మీద నా ఇంటిపేరు చూశాడు. ఊరి పేరు చూశాడు. మన తెలుగువాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? కులం తెలిసిపోయింది. పక్కన మా ఆయన పేరు చూస్తే మతం తెలిసిపోయింది. ఫొటో తీసి తన కులంవాళ్ల గుంపులో పెట్టాడు. గంటలో అది మా పెదనాన్న చేతిలో ఉంది. ఆ పెద్దమనిషి తర్వాత ఒక ఉగాది సభలో ఎదురుపడి, "మన పిల్లవి కదా అని చెప్పానమ్మా, తప్పుగా అనుకోకు" అన్నాడు. తప్పుగానే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. నేను ఎవరి పిల్లనో నిర్ణయించడానికి ఆయనకి కావలసింది ఒక ఇంటిపేరు.

కానీ ఆ రోజు నా కోపం అంతా ఎదురుగా ఉన్న మనిషి మీద వెళ్లగక్కాను. "చదవడం రాకపోతే ఎవరినైనా అడగొచ్చు కదా. ఇన్ని రోజులు ఎవరి కాగితానికి కాపలా కాశారు మీరు?" అన్నాను. వరండాలో అందరూ చూశారు. ఆవిడ సూదిని బట్టకి గుచ్చి, లేచి, గొడుగు తీసి మడిచింది. ఆ మాటలకి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

అమ్మ ఫోన్ చేసిన మూడో రోజు నాన్న, పెదనాన్న వచ్చారు. ఈ చట్టం కింద పెళ్లికి అభ్యంతరం చెప్పాలంటే కారణాలు కొన్నే ఉన్నాయి. భార్యో భర్తో అప్పటికే ఉండటం, వయసు చాలకపోవడం, కూడని వరస కావడం, మతిస్థిమితం లేకపోవడం. మొదటి మూడూ మా విషయంలో కుదరవు. కులం కారణంగా రాయడానికి చట్టంలో చోటు లేదు. అందుకని మా నాన్న, నాకు అక్షరాలు దిద్దించిన మా నాన్న, ఆ గుండ్రటి చేతిరాతతో, "మా అమ్మాయికి మతిస్థిమితం లేదు" అని రాసిచ్చారు.

అభ్యంతరం వచ్చాక విచారణ చెయ్యాలి, తప్పదు. రోజంతా పక్కవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. అలాంటి నన్ను డాక్టర్ దగ్గర నుంచి సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇవాళ ఏ వారమో చెప్పమని అడిగారు. చెప్పాను. పళ్లు కొరుకుతూ చెప్పాను.

విచారణ రోజు వరండాలో నాన్న ఒక కుర్చీలో, పెదనాన్న పక్కన. అప్ప ఎప్పటిలాగే నేలమీద. నేను తిట్టిన మర్నాటి నుంచి కూడా రావడం మానలేదు. కొంతసేపు దారం తెంపుతూ నాన్న వైపు చూసి, మెల్లిగా అడిగింది.

"ఏటి బావూ, గుంటకి మతి నేదని రాసినావట."

"మీరెవరండీ మధ్యలో?" అన్నారు నాన్న.

"నాను సాచ్చిని. ఒక్క మాట అడుగుతాను, సెప్పు. రెండేళ్ల బట్టి ఈ గుంటకి సమ్మందాలు సూస్తన్నావు గదా. ఆళ్లకి సెప్పినావేటి, మా గుంటకి మతి నేదు అని?"

పెదనాన్న ఏదో అనబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. అప్ప అక్కడితో వదల్లేదు. లోపలికి పిలిచినప్పుడు మా వెంట వచ్చి ఆఫీసర్‌కి అదే ప్రశ్న బెంగాలీలో చెప్పింది. ఆయన కళ్లజోడు పైకి జరిపి నాన్నని అడిగాడు. మా నాన్నకి అబద్ధం రాయడం చేతనైంది కానీ మొహం మీద చెప్పడం చేతకాలేదు. "సంబంధాలు చూశాం" అన్నారు. వాళ్లకి చెప్పారా అంటే తల దించుకున్నారు. డాక్టర్ సర్టిఫికెట్, నాన్న మౌనం రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆఫీసర్ అభ్యంతరం చెల్లదని రాశాడు. నాన్న లేచి, పెదనాన్నతో "పద" అన్నారు. నా వైపు చూడలేదు.

కింద టీ కొట్టు దగ్గర మట్టి ముంతలు పట్టుకుని నిలబడ్డాం. "ఆ రోజు అన్న మాటలకి క్షమించండి అప్పా" అన్నాను. ఆవిడ ఆ మాట విననట్టే టీ ఊదుకుంటూ చెప్పింది.

"మాదీ ఒకపాలి ఎక్కినాది తల్లీ బోర్డు. నానెంచుకున్నోడిది వేరే మతం. ఊరోడెవుడో సదివీసినాడు. ఆడి అన్నదమ్ములు వచ్చి ఊరు తీసికెల్లిపోయి నాలుగు నెల్లు ఒగ్గలేదు. ఆడు పారిపోయొచ్చీసరికి నోటీసుకి కాలం సెల్లిపోనాది, మళ్లీ మొదుట్నుంచి రాయించమన్నారు. నాకు బయమేసినాది. కాయితం ఒద్దు, నువ్వుంటే సాలన్నాను. పంతొమ్మిదేళ్లు ఉన్నాం. ఆడు పోయినప్పుడు ఆస్పత్రిలో అడిగినారు, నువ్వు ఈడికి ఏటవుతావని. పెళ్లాన్నన్నాను. కాయితమేదన్నారు. శవాన్ని అన్నదమ్ములకి ఇచ్చీసినారు. గేటు కాడ నిలబడిపోయినాను."

అంతే చెప్పింది. ముంత పక్కన పెట్టి, ఎండ ఎక్కువైందని కొంగు తలమీద కప్పుకుంది. ఏ చట్టం ఇద్దరినీ కలపడానికి పుట్టిందో ఆ చట్టం గోడకి అతికించిన కాగితమే ఆవిడని ఆస్పత్రి గేటు బయట నిలబెట్టింది. దీనికి బాధ్యుడు ఎవరు అంటే చూపించడానికి ఒక్క మనిషి లేడు. చదివినవాడు చదివానంటాడు, అంటించినవాడు అంటించానంటాడు.

మిగిలిన గడువూ గడిచింది. సంతకాల రోజు మా అత్తగారు, మామగారు, ఆఫీసు స్నేహితులు ఇద్దరు, అప్ప వచ్చారు. మా వైపు నుంచి ఎవరూ రాలేదు. అప్ప మా ఆయన చొక్కా గుండీలు లాగి చూసి, మూడోది బిగించింది. ఆఫీసర్ మా ఇద్దరి చేతా, చట్టప్రకారం భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని చెప్పించాడు. మేం సంతకాలు చేశాం. స్నేహితులిద్దరూ చేశారు. అప్ప కుర్చీ అంచున కూర్చుని, పెన్ను గట్టిగా పట్టుకుని, తనకి రాయడం వచ్చిన ఒక్క మాట, తన పేరు, మెల్లిగా రాసింది. పెన్ను కింద పెట్టింది. కుర్చీలోంచి లేవలేదు.

"బాబూ, ఒక మాట," అంది ఆఫీసర్‌తో బెంగాలీలో. "సచ్చిపోయినోడితో పెళ్లి ఇప్పుడు రాయించుకోడానికి దారేటైనా ఉన్నాదా?" అని.

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రిజిస్టర్ మీద నుంచి చెయ్యి తీసేశాడు. "లేదు మాషీ. ఇద్దరూ నా ముందుకి రావాలి" అన్నాడు.

"ఆడు రాలేడు. నానైతే ఇన్నేళ్ల బట్టీ వస్తన్నాను గదా."

"అయినా కుదరదు మాషీ."

ఆవిడ తల ఊపింది. ఎంతమంది పెళ్లిళ్లకి ఇక్కడ సంతకం పెట్టి, ప్రతిసారీ ఈ ప్రశ్న నోటిదాకా తెచ్చుకుని మింగేసిందో నాకు తెలియదు. ఆయన మా సర్టిఫికెట్ మీద ముద్ర వేసి మా వైపు జరపబోతుంటే ఆవిడ దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"సరే బాబూ. అయితే ఈళ్లది సరిగ్గా రాసినావో నేదో ఒకపాలి సదువు. గట్టిగా సదువు, నాకూ ఇనపడాల."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, మా పేర్ల దగ్గర నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.